చామంతి దండ కింది సొట్ట

మొన్న ఆదివారం పొద్దున నల్లంపల్లి దాటాక హైవే పక్కనున్న టీకొట్టు ముందు తొమ్మిది పాత కార్లు వరసగా నిలబడి ఉన్నాయి. పదోది నాది, కానీ దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. అది కొత్తది, తెల్లది, గేర్లు దానంతట అదే మార్చుకుంటుంది. పాత కార్ల మీద ప్రాణం పెట్టుకున్నవాళ్ళు నెలకొకసారి అక్కడ చేరతారు. ఆ మేళానికి పెద్ద మా అన్న కొడుకు. అన్న అంటే సొంత అన్న కాదు, మా పెద్దనాయన కొడుకు. ముప్పై దాటిన ఈ పిల్లవాడికి ఇంట్లోవాళ్ళ పుట్టినరోజులు గుర్తుండవు గానీ, ఏ కారు ఏ ఏడు ఏ రంగులో వచ్చిందో నిద్రలో లేపి అడిగినా చెబుతాడు. వాడు తెచ్చే కారు మా పెద్దనాయనది. ఆయన పోయి పదిహేనేళ్ళయినా ఆ గుండ్రటి కారు ఇంకా తిరుగుతూనే ఉంది. దాని పేరు మాత్రం చెప్పను. చెబితే దాని భక్తులు నా మీదికి వస్తారు.

ఆ రోజు వడలూ టీలూ అయ్యాక మావాడు ఒక ఆట పెట్టాడు. ఒక్కొక్కరూ లేచి, వింటే మిగతావాళ్ళకు ఒళ్ళు మండే అభిప్రాయం ఒకటి, కారుకు చేసిన ద్రోహం ఒకటి చెప్పాలి. చెప్పినవాణ్ణి తిట్టవచ్చు గానీ కొట్టకూడదు. ఇదంతా తమిళంలోనే నడిచింది, తమిళనేల మీద పుట్టి పెరిగిన మాకు తెలుగు గడప లోపలి భాష. మొదట జవుళి కొట్టాయన లేచాడు. ఇంజను శబ్దం కోసమే పాత కారు కొన్నానని ఊరంతా చెప్పుకుంటాడు గానీ, ఎక్కగానే అద్దాలు ఎత్తేసి పాటలు పెట్టుకుంటాడట. తర్వాత పళ్ళ డాక్టరు. ఆయన కారు దారిలో ఆగినప్పుడల్లా బానెట్ ఎత్తి, చేతులకు కాస్త నల్లటి జిడ్డు పూసుకుని నిలబడతాడట. లోపల ఏది ఏమిటో ఆయనకు ఈనాటికీ తెలియదు. మెకానిక్ వచ్చేదాకా దారినపోయేవాళ్ళ ముందు మర్యాద దక్కాలి గదా. రిటైరైన లెక్కల మాస్టారు మాత్రం, తండ్రి కారు అమ్మిన రోజు ఏడ్చినంతగా తండ్రి పోయిన రోజు ఏడవలేదని చెప్పి, నవ్వబోయి ఆగిపోయాడు. ఆయన్ను ఎవరూ తిట్టలేదు.

నా వంతు వచ్చింది. పవర్ స్టీరింగ్ కనిపెట్టినవాడికి ఈ జిల్లాలో గుడి కట్టాలనీ, పాత కారు స్టీరింగు తిప్పడం కంటే రోట్లో పిండి రుబ్బడం సుఖమనీ అన్నాను. అందరూ గోల చేశారు. మరి ద్రోహం ఏమిటని అడిగితే, గేర్లు మార్చడం మరిచిపోయానన్నాను. అది ద్రోహం కాదు, వయసు అన్నాడు పళ్ళ డాక్టరు. వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను. నేను చెప్పవలసింది అది కాదు.

అందరూ లేస్తుండగా మావాడు నన్ను పెద్దనాయన కారు దగ్గరికి తీసుకుపోయాడు. ఎడమ వైపు ముందు మడ్‌గార్డు మీద అరచెయ్యి పట్టేంత సొట్ట ఒకటుంది. వాడికి అలవాటు, కారు తలుపు తెరిచే ముందు ఆ సొట్టలో ఒకసారి చెయ్యి పెడతాడు. ఇప్పుడూ పెట్టాడు.

"చిన్నాయనా, శుక్రవారం బండి టింకరింగ్‌కు పోతాది. అన్ని సొట్టలూ తీసేయమన్నాను, ఇది మాత్రం టచ్ చేయొద్దన్నాను. ఇది తాత చెయ్యి గదా. దీని కింద చిన్న ఇత్తడి బిల్ల రెడీ చేసినాను, తాత ఆఖరు డ్రైవ్ అని. ఎట్లుండాది?"

బాగుందన్నాను. నా బండెక్కి ఇంటికి వచ్చేశాను. వాడు తాత చెయ్యి అనుకుంటున్న ఆ సొట్ట పెద్దనాయన పెట్టింది కాదు. నేను పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. ఇప్పుడు దాన్ని ఇత్తడి మీద చెక్కి మరలు బిగించబోతున్నారు.

మా పెద్దనాయనది చింతపండు వ్యాపారం. మనిషి పొడుగు, మాట పొట్టి. కొన్న నాటి నుంచి ఆ కారు స్టీరింగు మీద ఇంకొకరి చెయ్యి పడనివ్వలేదు. కన్నకొడుక్కే ఇవ్వలేదు, తమ్ముడి కొడుకుని, నాకెందుకిస్తాడు? పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు వెనక సీట్లో ఆరుగురం కూర్చునేవాళ్ళం. చింతపండు వాసన, పెట్రోలు వాసన, పెద్దమ్మ తల్లోని మల్లెపూల వాసన కలిసి కడుపులో తిప్పేది. ఎవరైనా వాంతికి వస్తోందని అంటే ఆయన కారు ఆపేవాడు, దిగనిచ్చేవాడు, వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. నాకు నలభై వచ్చినా ఆయన దృష్టిలో నేను వాంతి చేసుకునే పిల్లవాణ్ణే. ఆ కారంటే నాకు ప్రేమ ఉండేదా అని ఇప్పుడు ఎవరైనా అడిగితే చెప్పలేను. ఒక్కసారి నడపాలని మాత్రం ఉండేది.

ఆయుధపూజ నాడు ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. పొద్దున్నే కారు కడిగి, పసుపూ కుంకుమా పెట్టి, ముందర పెద్ద చామంతి దండ వేసి, నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు పెడతారు. బూడిదగుమ్మడికాయ కొట్టాక పెద్దనాయన ఒక్కడే ఎక్కి, నిమ్మకాయలు తొక్కించి, మొరప్పూర్ రైల్వేస్టేషన్ దాకా పోయి తిరిగి వచ్చేవాడు. వచ్చాక తాళంచెవి పూజ పళ్ళెంలో పెట్టేస్తే మరునాటి పొద్దుటి దాకా ఆ కారును ఎవరూ ముట్టకూడదు. కత్తిపీటకు, తక్కెడకు ఎలా విశ్రాంతో కారుకూ అంతే. ఆ ఒక్క రోజుకు కావలసిన కూరగాయలు కూడా ముందురోజే తరిగి పెట్టుకునేవాళ్ళు. ఆ పద్ధతి తప్పవచ్చన్న ఆలోచన కూడా ఆ ఇంట్లో ఎవరికీ రాదు.

ఇది పంతొమ్మిదేళ్ళ కిందటి మాట. అప్పటికి పెద్దనాయనకు డెబ్భై రెండు. హైవేను నాలుగు వరసలు చేసి మధ్యలో గోడ కట్టారు. ఆయన మాత్రం పాత అలవాటున ఎదురు వరసలోనే పోయేవాడు. లారీలు హారన్ కొడితే, ఈ రోడ్డు పుట్టకముందు నుంచి నేను పోతా ఉండానని విసుక్కునేవాడు. ఇంక కారు మానమని అన్న, మానను పోరా అని ఆయన. ఆ ఏడాదంతా ఇంట్లో ఇదే గొడవ.

ఆ ఆయుధపూజకు నేనూ వాళ్ళింట్లోనే ఉన్నాను. పొద్దున పెద్దనాయన మొరప్పూర్ పోయి క్షేమంగా వచ్చాడు. మధ్యాహ్నం పాయసం తిని అందరూ ఎక్కడివాళ్ళక్కడ వాలారు. పూజ పళ్ళెంలో పసుపు అంటిన తాళంచెవి కనిపించింది. తీసుకున్నాను. ఏం ధైర్యమో, ఏం కక్కుర్తో, నలభై ఏళ్ళవాణ్ణి పిల్లిలా అడుగులేస్తూ కారెక్కాను. ఇటుకల బట్టీ దారిలో ఒక మైలు పోయి వచ్చేద్దామనుకున్నాను. పోవడం బాగానే పోయాను. తిరిగి వచ్చేటప్పుడు కల్వర్టు దగ్గర మలుపులో స్టీరింగు ఎంత లాగినా రాలేదు. ఎడమ మడ్‌గార్డు కల్వర్టు గోడకు తగిలింది. శబ్దం పెద్దగా కూడా రాలేదు. తెచ్చి కారును ఎక్కడిదక్కడ నిలబెట్టి, చామంతి దండను కాస్త కిందికి లాగి సొట్ట మీద సర్ది, తాళంచెవి పళ్ళెంలో పెట్టి, వచ్చి పడుకున్నాను. నిద్ర కూడా పట్టింది.

మరునాడు వాడిన దండ తీస్తే సొట్ట బయటపడింది. పూజ తర్వాత కారు కదలలేదు, కదలదు. కాబట్టి పొద్దున మొరప్పూర్ దారిలో పెద్దనాయనే ఎక్కడో తగిలించి ఉండాలి, తగిలించింది కూడా తెలియకుండా వచ్చేసి ఉండాలి. అన్న ఆ మాట అరవకుండా, మెల్లగా అన్నాడు. అదే ఎక్కువ భయంగా ఉండింది. నేను అక్కడే స్తంభానికి ఆనుకుని నిలబడి ఉన్నాను. పెద్దనాయన వంగి సొట్టను చేత్తో తడిమాడు.

"తగిలింటే నాకు తెలియకుండా పోతాదా?" అన్నాడు.

ఆయన ఇంకోసారి తడిమి, "తగిలిందేమోలే" అని, తాళంచెవి తీసి అన్న చేతిలో పెట్టాడు.

ఆ తర్వాత ఆయన నాలుగేళ్ళు బతికాడు. కారు చేతినుంచి పోయినందుకు బాధపడలేదు. తన మీద తనకు నమ్మకం పోయింది. అన్నం తిని లేచి, తిన్నానా అని అడిగేవాడు. వాకిలి గడియ వేసి వచ్చి, మళ్ళీ పోయి చూసేవాడు. చింతపండును నోట్లో వేసుకుని ఏ ఊరి చెట్టుదో చెప్పే మనిషి, ఎవరైనా అడిగితే మా అబ్బాయిని అడగండి అనేవాడు. సాయంత్రాలు షెడ్డులో కారెక్కి కూర్చునేవాడు. స్టీరింగు ముందు కాదు, ఎడమ సీట్లో. నేను వెళ్ళినప్పుడల్లా పక్కన నిలబడి వానల సంగతి, ధరల సంగతి మాట్లాడి వచ్చేవాణ్ణి.

ఈ సోమవారం పెద్దమ్మ దగ్గరికి వెళ్ళాను. ఆమెకు ఎనభై నాలుగు. చెవులు బాగా వినిపిస్తాయి, వినాలనుకున్నవి మాత్రమే. వసారాలో కూర్చుని చింతగింజలు తీస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ నాలుగు కాయలు ఒలిచి, జరిగింది జరిగినట్టు చెప్పేశాను. తాళంచెవి, కల్వర్టు, దండ, అన్నీ. ఆమె చేతులు ఆగలేదు.

"నేను చూసినాను గదరా. మిద్దె మీద గుడ్డలు తీస్తా ఉంటిని. నువ్వు బండి తెచ్చి పెట్టింది, దండ కిందికి లాగింది, అన్నీ చూసినాను."

మరి ఎందుకు చెప్పలేదని అడిగాను.

"చెప్పింటే తాళంచెవి మళ్ళా ఆయన చేతికి పోయుండును. రోడ్డుకు పోతే తిరిగొస్తాడా రాడా అని దినమూ వాకిట్లో నిలబడింది నేను. నువ్వా?" అని, ఒక గింజ తీసి పక్కన పడేసి చెప్పింది. "ఒగ దినం పడుకోబోతా నన్నడిగినాడు, నిజంగా నేనే కొట్టినానా అని. అవునన్నాను. ఇంగ అడగలేదు."

నాకు ఏడుపు రావాలి, రాలేదు. కోపమైనా రావాలి, అదీ రాలేదు. పళ్ళ డాక్టరు మత్తు సూది వేశాక చేతికి చెంప తగులుతుంది గానీ చెంపకు చెయ్యి తెలియదు, అలా ఉంది. పెద్దమ్మ కూడా ఏడవలేదు. భోంచేసి పొమ్మంది. చింతపండు పులుసు, వంకాయ వేపుడు. రుచి తెలియలేదు, రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

శుక్రవారం టింకరింగ్ షెడ్డుకు వెళ్ళేసరికి మావాడు అక్కడే ఉన్నాడు. చిన్న కాగితంలో చుట్టిన ఇత్తడి బిల్ల చేతిలో ఉంది. పెద్దమ్మ సంగతి ఎత్తలేదు, అది ఆమె చెప్పుకోవలసింది. నాది మాత్రం నిలబడే చెప్పాను. వాడు నా ముఖం చూడలేదు, కారు ముఖం చూశాడు.

"మా నాయనకు తెలుసునా?" అన్నాడు.

తెలియదన్నాను. రేపు పోయి చెబుతానన్నాను. వాడు సొట్ట దాకా చెయ్యి తీసుకుపోయి, పెట్టకుండానే వెనక్కి తీసుకున్నాడు. బిల్లను జేబులో వేసుకుని, దీన్ని కూడా తీసేయమని టింకర్‌కు తమిళంలో చెప్పి, బయటికి పోయి తన ఫోను చూసుకుంటూ నిలబడ్డాడు. తాతను కోల్పోయేనాటికి వాడు చిన్నవాడు, ఇప్పుడు రెండోసారి కోల్పోయినట్టున్నాడు.

టింకర్ నాకు ఒక స్టూలు వేసి టీ తెప్పించాడు. మడ్‌గార్డు లోపలి వైపు ఇనుప దిమ్మె ఆనించి, పైనుంచి సుత్తితో మెల్లగా, గోరుతో తట్టినట్టు తట్టాడు. రేకు కొంచెం కొంచెంగా పైకి లేచింది. నా టీ అయ్యేసరికి అక్కడ ఏమీ లేదు. చేత్తో తడిమి చూశాను, నున్నగా ఉంది. పంతొమ్మిదేళ్ళ సొట్ట పోవడానికి ఒక టీ తాగేంత సేపు పట్టింది. పెద్దనాయన బతికి ఉన్న ఆ నాలుగేళ్ళలో నాకు అంత సేపు దొరకలేదు.