సీసాలో మూడు కాడలు

కరీంనగర్ నల్లా నీళ్లకు బ్లీచింగ్ పౌడర్ వాసన. పొద్దున ఇంట్లో చాయ్ తాగినా దవాఖానాలో తాగినట్టే ఉంటది. ఈ సంగతి ఎవరితోనన్నా చెప్పుకుందామంటే గదిలో ఉండేది నేనొక్కన్నే. నాకది ముందే తెలుసు.

అసలు సంగతి వేరే. ఎనిమిదేండ్లుగా ఒక బరువు మోస్తున్న. తూకం వేస్తే పావుకిలో కూడా రాదు. మీరెవరో నాకు తెల్వదు, అందుకే మీకు చెప్తున్న.

ఆఫీసులో నా పక్క కుర్చీ రాజేశం సారుది. నాకన్నా పదేండ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ని. ఆయన భార్య సుజాతక్క చనిపోయి ఏడాది కూడా కాకముందే ఆయనకు ఉట్నూర్‌కు బదిలీ అయింది. అక్క పచ్చడి సీసాలో పెట్టి పెంచిన లక్కీ బాంబూ, మూడు కాడలు, జీపు కుదుపులకు తట్టుకోదని, అక్కడ ఇల్లు దొరికేదాకా నాకు అప్పగించిండు. నల్లా నీళ్లు పట్టంగనే పోయొద్దని, బకెట్లో ఒకరోజు ఉంచి పోయాలని మరీమరీ చెప్పిండు.

నేను పట్టంగనే పోసిన. బద్ధకం. ఆకుల కొసలు పండుబారినయి. నేను సుల్తానాబాద్ వరి రైతు కొడుకును. డిగ్రీ చదివినా చెయ్యి ఊరిదే. వరి నాటు ఎర్రబడితే మా ఇంట్ల ఎవరూ ఆలోచించరు, యూరియా చల్లుతరు. సీసాలో ఒక చిటికెడు వేసిన. సరే, రెండు చిటికెలు. నాలుగు రోజుల్లో కాడలు పసుపు కొమ్ముల్లెక్క అయి, మెత్తబడి, వాసన కొట్టినయి. మా బాపు తన వ్యవసాయం మొత్తంలో ఇంత తొందరగా ఏ పైరునూ చంపలే.

అక్క చేతులతో పెట్టినవాటిని నల్ల కవర్లో చుట్టి చెత్తబండిలో వేసిన. బస్టాండు దగ్గర మూడు కొత్తవి కొన్న. పాతవాటి పొడవుకు సరిపోవాలని ఒకదాన్ని బ్లేడుతో కోసిన. ఆ శ్రద్ధ మొదట్లో ఏమైంది? నన్ను నేను అదే అడిగిన.

రెండు నెలలకు అన్న వచ్చిండు. సీసాను వెలుతురుకు పట్టి చానాసేపు చూసిండు.

"మంచిగ సాదినవ్ తమ్మీ. నీ సంగతి తెల్సి జర పరేషాన్ అయిన."

"నేనేం చేసిన అన్నా? నీళ్లు పోసిన, గంతే."

"గంత చేసెటోడన్న ఎవడున్నడు?"

సీసా తీస్కపోయినప్పటినుంచి ప్రతి ఆదివారం ఫోన్ చేసేటోడు. కొత్త చిగురొచ్చిందని, వేర్లు ఎర్రగా ఉన్నయని. పోయినేడు బిడ్డ పెండ్లయితే, మీ అమ్మ పెట్టిందని ఆమెకు ఒక కొమ్మ కోసి ఇచ్చిండట. నా అబద్ధం వేర్లు పట్టి అత్తగారింటికి కూడా పోయింది.

ఆయన బాధపడతడనే చెప్పలేదని ఇన్నేండ్లు అనుకున్న. నిజమేనా? వారం మొత్తంలో ఆఫీసు పని మీద కాకుండా నాకొచ్చే ఫోన్ అదొక్కటే. చెప్తే అది ఆగిపోతదని భయపడ్డ. చనిపోయిన మనిషి గుర్తును చెత్తబండికి పంపి, ఆ పేరు మీద నా ఆదివారాలు నడుపుకున్న. దీనికి కాస్త మర్యాదైన పేరేదన్నా ఉందా అని వెతికిన. దొరకలే.

నిన్న ఆదివారం, ఆయన ఫోన్ చేయకముందే నేనే చేసిన. యూరియా, చెత్తబండి, బ్లేడు, అన్నీ చెప్పిన. మాఫీ అడగలే, అడిగే ముఖం లేదు. అయినా చెప్పుడు అయిపోయినంక ఛాతీలో జర జాగా దొరికినట్టయింది.  అంతా విని ఆయన అన్నడు:

"మరి గీ ఎనిమిదేండ్లు రోజూ పొద్దుగాల్ల లేచి, సీసా ముంగట కూసొని నేను ఎవలితోని మాట్లాడిన?"