క్లోరిన్ మాస్టారి తప్పు జవాబు

ఎవరు కనబడినా కెమిస్ట్రీ మాస్టారు అడిగేది ఒకటే ప్రశ్న: "హాలోజన్లలో ఎలక్ట్రాన్ అఫినిటీ, అదే, కొత్త ఎలక్ట్రాన్ మీద ఆశ, దేనికెక్కువ?" పన్ను పీకించుకుంటూ, నోట్లో పట్టకారుండగానే డాక్టర్నీ అడిగారు.

ఎదుటివాళ్లు "ఫ్లోరిన్" అన్నారో, ఆయన మొహం చాటంత అయ్యేది.

"తప్పు! క్లోరిన్! ఫ్లోరిన్‌ది ఇరుకు గది నాయనా. ఉన్న ఎలక్ట్రాన్లే ఒకదాన్నొకటి తోసుకుంటుంటే కొత్త చుట్టం ఎక్కడ కూర్చుంటుంది? క్లోరిన్‌ది కాస్త పెద్దిల్లు. బ్రోమిన్, అయొడిన్‌లవి ఇంకా పెద్దవే. కానీ నడిమింట్లో కేంద్రకం పిలిస్తే వాకిట్లోకి వినబడదు!"

"పెళ్లైన కొత్తలో నన్నూ అడిగారు. తెలీదన్నాను. 'ఫ్లోరిన్ అనలేదు, అదే పదివేలు' అన్నారు," అనేవారు ఆయన భార్య.

మాస్టారి దగ్గర చదివే పోస్ట్‌మన్ గారమ్మాయికి ఈ పాఠం కంఠతా వచ్చు. రానిది మాటే. కొత్తవాళ్లను చూస్తే నాలుక అంగిట్లో అతుక్కుపోతుంది. కిందటేడు ప్రాక్టికల్స్‌లో అడిగిన ప్రశ్నలకు నోరు పెగలక పరీక్ష తప్పింది. "ఈసారీ తప్పితే చదువు చాలించి మావయ్య బట్టల కొట్లో కూర్చో," అని వాళ్ల నాన్న తేల్చేశాడు.

ఈసారి బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు మరీ గండరగండడు. రెండు ప్రశ్నలు వేశాడు. ఆ పిల్ల బల్ల అంచు పట్టుకుని నిలబడింది.

"నోటికి తాళమేసుకొచ్చావా? పోనీ, హాలోజన్లలో ఎలక్ట్రాన్ అఫినిటీ దేనికెక్కువ?"

తనకు కంఠతా వచ్చిన ప్రశ్నే. పరీక్షకుడి కలం సున్నా చుట్టడానికి కాగితం మీద వాలింది. ఆ పిల్ల కళ్లముందు బట్టల తానులు కదిలాయి.

పక్కనున్న మాస్టారు గొంతు సవరించుకున్నారు. "భయమెందుకమ్మా? ఫ్లోరిన్‌కే కదూ?"

తను విన్నది నిజమేనా?

"ఫ్లోరినే!" అన్నారు మాస్టారు మళ్లీ. "పట్టికలో పైనుంచి కిందికి వరసగా తగ్గిపోవడమే. ఇందులో అనుమానమేముంది?"

"కాదండీ!" ల్యాబంతా ఇటు తిరిగింది. అరిచింది తనే. "క్లోరిన్ అండీ! ఫ్లోరిన్ మరీ చిన్నది కదండీ, లోపలి ఎలక్ట్రాన్లు కొత్తదాన్ని తోసేస్తాయండీ!" కట్ట తెగినట్టు అయొడిన్ దాకా చెప్పేసింది. తర్వాతి మూడు ప్రశ్నలకూ ఆగలేదు.

పరీక్షకుడు మార్కులు వేసి మాస్టారి వైపు జాలిగా చూశాడు. "అమ్మాయి చెప్పిందే రైటు. ఇన్నేళ్లూ పిల్లలకు ఇదా మీరు చెప్తున్నది?"

నిజం చెప్పబోయింది ఆ పిల్ల. మాస్టారు కళ్లురిమారు. "అయింది కదా, వెళ్లమ్మా." ఆ వెంటనే తల గోక్కున్నారు. "పెద్దవాణ్ణయిపోయానండీ. ఇంతకీ క్లోరిన్‌కే ఎందుకెక్కువంటారు?"

పరీక్షకుడు ఉత్సాహంగా సుద్దముక్క అందుకున్నాడు. తలుపు దగ్గర ఆ పిల్ల వెనక్కి తిరిగి చూసింది. మాస్టారు చేతులు కట్టుకుని, బుద్ధిమంతుడైన విద్యార్థిలా నిలబడి, "ఓహో! ఇరుకు గదన్నమాట!" అంటున్నారు.