కాలని షెడ్డు, పిడికెడు బియ్యం

పరాయి దేశంలో ఆశ్రయం కోరిన రూతు అనే అమ్మాయి మాటను అక్కడి అధికారి నమ్మలేదు. క్రైస్తవంలోకి మారినందుకు తమ ప్రార్థన షెడ్డును ఊళ్లో కొందరు తగలబెట్టారని, వెనక్కి పంపితే తనను బతకనివ్వరని ఆమె చెప్పింది. పది ఆజ్ఞలు వరుసగా చెప్పమంటే మాత్రం తడబడింది. ఇంట్లో మీ భక్తి ఎలా ఉంటుందని అడిగితే, వండే ముందు పిడికెడు బియ్యం తీసి పెడతామంది. ఇదేం మతమని ఆయన ఆమె అర్జీని కొట్టేశాడు. నాకు ఒళ్లు మండింది. రోజూ దీపం పెట్టే నన్ను దశావతారాలు వరుసగా చెప్పమంటే నేనూ నీళ్లు నములుతాను. ఆమె కేసు కాగితాలు అనువదించింది నేనే కాబట్టి, ఆమె ఊరు చూసి నివేదిక రాయమని ఆమె వకీలు నన్ను అడిగారు.

కరీంనగర్‌లో తెల్లవారుజామున బస్సెక్కి లక్షెట్టిపేటలో మారాను. జన్నారం దాటాక దారంతా టేకు అడవి, కిటికీ సీటు వదులుకోకండి. మధ్యాహ్నానికి ఉట్నూరు చేరాను. అక్కణ్నుంచి జీపే దిక్కు, సీటుకు యాభై రూపాయలు.

"గా షెడ్డోళ్ల ఇంటికా సార్? మంచోళ్లే. గని నేను తోల్కొచ్చిన్నని ఊళ్లె చెప్పకుండ్రి" అని డ్రైవర్ నన్ను ఊరి బయటే దింపేశాడు.

రూతు అక్క కూలికి పక్క ఊరికి వెళ్లిందట. సాయంత్రం దాకా అరుగు మీద కూర్చున్నాను. ఆమె వచ్చి పొయ్యి వెలిగించాక, షెడ్డు ఎప్పుడు కాలిందని అడిగాను.

"కాలవెట్టలే సార్. రేకులు వీకేసిన్రు."

"మరి రూతు అలా చెప్పిందేం?"

"రేకులు వీకిన్రంటే గంత దూరపోళ్లకు ఏం లెక్క అనుకున్నదేమో. మా బాపు సచ్చిపోతే పాడె మొయ్యనీకి ఊరోళ్లు ఒక్కలు రాలే. చెల్లెను బాట మీద ఆపి, మల్ల ఊళ్లె కనవడితే సంపుతమన్నరు. గవన్నీ చెప్పలేదా?"

బతకనివ్వరని మాత్రమే చెప్పింది, ఇవేవీ చెప్పలేదు. మాట్లాడుతూనే ఆమె బియ్యం తెచ్చి, కడిగే ముందు పిడికెడు తీసి గోడవారనున్న కుండలో వేసింది. నాకు చూపించాలని వేయలేదు, చెయ్యి దానంతటదే పోయింది.

"గది దేవుని పాలు సార్, దేవుని వంతు. ఇండ్ల గింజలు లేనోళ్లకు ఆదివారం ఇస్తం."

నివేదికలో అన్నీ రాస్తానన్నాను, షెడ్డు కాలలేదన్న సంగతితో సహా. ఆమె ముఖం చిన్నబోయింది.

"గట్ల రాస్తే మా చెల్లెను నమ్ముతరా సార్?"

దాస్తే నిజాన్నీ నమ్మరన్నాను. ఆ మాట నాకే ధైర్యమివ్వలేదు. భయపడ్డ మనిషి తన బాధ ఎదుటివాడికి చిన్నదిగా కనిపిస్తుందేమోనని పెంచి చెబుతుంది, ఆ పెంచిన ముక్కే పట్టుకుని మనం మొత్తం కొట్టేస్తాం. తిరుగు జీపులో నాకు చాలా బాధేసింది.

మీరూ ఇలాంటి పని మీద వెళ్తే, వంటవేళకు చేరేలా ఉట్నూరులో జీపెక్కండి. ప్రశ్నలు తర్వాత అడగొచ్చు, ముందు ఆ ఇంట్లో బియ్యం కడిగేదాకా కూర్చోండి.