అన్న జపాన్ డ్రమ్ము

మొన్న బళ్ళారిలో ఉండే మా చెల్లెలి కొడుకు ఫోనులో ఒక పాత డ్రమ్ము ఫోటోలు పంపి, పెద్దమ్మా, ఇది జపానుదేనా, ఏ కంపెనీదో నీకేమన్నా తెలుస్తుందా అని అడిగినాడు. పాత వాయిద్యాలు కొని బాగుచేసుకునే పిచ్చి వానిది, హొస్పేటలో పాత సామాన్ల అంగట్లో దొరికిందంట. మగ్గాల చప్పుడులో పుట్టి పెరిగిన ముసలిదానికి డ్రమ్ముల కంపెనీలు ఎట్లా తెలుస్తాయని మీరు నవ్వుకోవచ్చు గానీ, ఆ రోజుల్లో ఎమ్మిగనూరులో మా వీధిలో మా అన్న దగ్గర ఆ పాఠం విననివాళ్లు లేరు.

డెబ్బైలలో అన్న మగ్గం వదిలి ఆదోనిలో ఒక పాటల ఆర్కెస్ట్రాలో చేరినాడు. బొంబాయిలో ఎవరో వాడి వదిలేసిన డ్రమ్ము సెట్టును ఎట్లనో సంపాదించి, బస్సు టాపు మీద వేసుకుని ఇంటికి తెస్తే, నేసేవాని ఇంట్లో దరువులేందిరా అని నాయన మొహం తిప్పుకున్నాడు. మామూలు ఎరుపు కాదు దానిది, పైన చుట్టిన ప్లాస్టిక్ రేకులో చమ్కీ పొడి కలిపినట్టు మెరిసే ఎరుపు. ముందున్న బిళ్ల మీది పేరును నమ్మగూడదని అన్న చెప్పేవాడు. జపానులో ఒకే ఫ్యాక్టరీ, ఏ వ్యాపారి ఏ పేరు అడిగితే ఆ బిళ్ల కొట్టి పంపేదంట. తోలు విప్పి లోపల చూడాల, పలచని ఎర్రచాయ చెక్క, దాని రెండు అంచులకూ చుట్టూ అతికించిన చెక్క పట్టీ ఉంటే జపానుదని నమ్మొచ్చంట. ఎండకు ఆ ఎరుపు వెలిసి నారింజ అవుతుంది గనక, తోలు బిగించే చువ్వల కింది స్టీలు దిమ్మ ఊడదీస్తే అసలు రంగు దాని అడుగున చెక్కుచెదరకుండా ఉంటుందంట. నీకు పిల్లను చూసేటప్పుడు గూడా ఇట్లనే పరీక్ష చేస్తావేమిరా అని అమ్మ ఏడిపించేది. పాపం, ఆ పెళ్లి జరగనే లేదు.

ఒకసారి కౌతాళంలో పెళ్లికి వాయించి వస్తుంటే పెద్ద డ్రమ్ము బస్సు మీద నుంచి పడి చెక్క చీలింది. అన్న అన్నం ముట్టకుండా గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాయన పడుగు దారాలకు పెట్టే గంజిని చిక్కగా కాచి, తాను నేసిన తువ్వాల పచ్చంచు చించి, చీలిక మీద లోపలి వైపు అతికించినాడు. అన్న కాళ్లకు మొక్కబోతే, పోరా పో, నీ దరువు నువ్వు చూసుకో అన్నాడు. వాళ్లిద్దరి మధ్య ప్రేమగా జరిగింది, నేను చూసినంతలో, అదొక్కటే.

ఎనభైలు సగం దాటేసరికి పెళ్లిళ్లలో క్యాసెట్లు మోగడం మొదలై ఆర్కెస్ట్రా చెదిరిపోయింది. మళ్లీ మగ్గంలో కూర్చోమని నాయన, కూర్చోనని అన్న. ఒక పొద్దున డ్రమ్ములన్నీ బళ్ళారి బస్సుకు ఎక్కించుకుని, హొస్పేట దిక్కు కచేరీలు దొరుకుతాయని పోయినాడు. మొదట్లో వచ్చేపోయేవాళ్లతో కబురు పంపేవాడు, తర్వాత ఉలుకూ పలుకూ లేదు. నాయన పోయి వెతికి వట్టి చేతులతో తిరిగొచ్చినాడు. అమ్మ మాత్రం కన్ను మూసేదాకా ఒకే మాట మీద ఉండింది. "వాడు అన్నమన్నా మానుతాడు గానీ ప్రాణం ఉండగా ఆ డ్రమ్ము అమ్మడు. అది ఇంకొకరి చేతిలో చూసిననాడు ఏడుస్తాలే. అందాకా నా కొడుకు యాడో ఒక తావున వాయిస్తానే ఉంటాడు."

అమ్మ పోయినాక ఆ మాటను నేను పట్టుకున్నాను. పెద్దల అమావాస్యకు పోయినవాళ్లకు కొత్త బట్టలు పెట్టేటప్పుడు, అన్న పేరున గూడా పెడదామని చెల్లెలు ఎన్నోసార్లు అడిగింది. బతికున్నవానికి పెడతారా అని దానితో పోట్లాడి, మాటలు మానుకున్న ఏళ్లు గూడా ఉన్నాయి. మొండిదాన్ని, ఒప్పుకుంటాను.

అందుకే ఆ ఫోటోల్లో వెలిసిన చమ్కీ మెరుపు చూడగానే వానికి వీడియో ఫోను చేసినాను. బిళ్ల మీద పేరు అరిగిపోయింది. తోలు విప్పమన్నాను, పలచని చెక్క, లోపల పట్టీ. దిమ్మ ఊడదీయమన్నాను, చుట్టూ వెలిసిన నారింజ, నడుమ అదే ఎరుపు. అయినా జపాను వాళ్లు ఇట్లాంటివి ఎన్ని చేసి పంపలేదు, ఇది ఎవరిదో అయ్యుంటుందని మనసును బుజ్జగించుకుంటూ, లోపల అడుగు భాగం చూపించమన్నాను. సగం లేచిపోయి, మట్టి రంగుకు తిరిగిన గుడ్డ పేలిక ఒకటి కనబడింది. దాని మడతలో ఇంకా పచ్చంచు ఉంది.

ఏ కంపెనీది పెద్దమ్మా అని వాడు మళ్లీ అడిగినాడు. మన ఇంటిదే నాయనా అన్నాను.

ఇప్పుడు ఆదోని పెళ్లిళ్లలో మనుషులు వాయించరు, పెట్టెలు మోగుతాయి. ఎమ్మిగనూరులో మా వీధి ఈ చివర నుంచి ఆ చివరకు నడిచినా మగ్గం చప్పుడు వినబడదు. రేపు పెద్దల అమావాస్యకు అన్న పేరున తువ్వాల పెడతామని చెల్లెలికి నేనే ఫోను చేసి చెప్పినాను, అది ఏడ్చింది. పచ్చంచుది కావాలని అంగళ్లన్నీ తిరిగినాను, నాయన నేసినట్టాంటిది యాడా దొరకలేదు.