ముడి లేని కుట్టు

రఫూ పనిలో ఆమెకు ఎదురు లేదు. ఆమె కుట్టాక చిరుగు ఎక్కడుందో చెప్పమంటే చించుకున్నవాడే తడుముకునేవాడు. కళ్లద్దాల పీడ వదిలించుకుందామని లేజర్ ఆపరేషన్ చేయించుకుంది. కొన్నాళ్లు బాగానే ఉంది. తర్వాత నల్లగుడ్డు మీది పొర పలచబడి ఉబ్బింది. ఒక్కో దారం పక్కన రెండు నీడదారాలు కనిపించసాగాయి.

"కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది," అంది అత్తగారు. ఆవిడా ఒకప్పటి రఫూ మనిషే, నోటికి మాత్రం కుట్టు పడని రకం. కోడలు దారం చివర ముడి వేస్తే ఆవిడకు ఒళ్లు మండేది. "ముడి బట్టకు పుండే! వెనక్కి మూడు కుట్లు వేసి తెంపు," అని పోరేది. కోడలు వినేది కాదు.

చూపు చెడినా కోడలు పని మానలేదు. దుకాణానికి కుట్టి ఇచ్చిన బట్ట ఒక్కటీ బాగాలేదని తిరిగి రాలేదు. కన్ను పోయినా చెయ్యి పోలేదని ఆమెకు గర్వం. తెల్లారేసరికి బట్టల మూట చోటు మారి ఉండేది, అదే చిరాకు.

"తప్పులు వెతకడానికేనా అత్తయ్యా అంత పొద్దున్నే లేస్తారు? నా మూట ముట్టుకుంటే ఊరుకోను!"

అత్తగారు, ఎన్నడూ లేనిది, బదులు చెప్పలేదు. మూట మాత్రం చోటు మారుతూనే ఉంది.

చలికాలంలో ఆవిడ పోయింది. అప్పటి నుంచే బట్టలు తిరిగి రాసాగాయి. కళ్లు ఇంకా చెడ్డాయనుకుంది కోడలు. "చూపు కుదిరాక రామ్మా," అని దుకాణం యజమాని పని ఆపేశాడు.

ఆసుపత్రిలో ఆమె కంటి కొలతకే పెద్ద లెన్సు చేయించారు. అది తెల్లగుడ్డు మీద కూర్చుంటుంది, లోపల సెలైన్ నిలుస్తుంది. పెట్టుకునేటప్పుడు, కంట్లో చుక్కలు వేసుకున్న అలవాటు కొద్దీ ఆమె తలెత్తింది. సెలైనంతా ఒళ్లో పడింది.

"తల దించాలండీ," అంది లెన్సులు పెట్టే అమ్మాయి.

"అది మా అత్తయ్యే నేర్పలేకపోయింది."

చివరికి కుదిరింది. నీడదారాలు మాయమయ్యాయి.

యజమానికి చూపించి పని అడుగుదామని, ఎవరూ తీసుకెళ్లక తన దగ్గరే మిగిలిన ఒక శాలువా బయటికి తీసింది. కళ్లు చెడ్డాక తను కుట్టిందే. తిరగేసి చూసింది. ఒక్క ముడీ లేదు. ప్రతి దారం చివరా వెనక్కి మూడు కుట్లు. పక్కనే, ఎవరో విప్పేసిన తన వంకర కుట్ల చిల్లులు.

"అత్తయ్యా," అంది. అన్న మాట వెనక్కి తీసుకుందామంటే మనిషి లేదు. ఏడుపు ఆగలేదు. ఇదివరకైతే కన్నీళ్లకు అన్నీ మసకబారేవి. ఇప్పుడవి లెన్సు మీంచి జారిపోతున్నాయి. రెప్ప వేసి తెరిచినప్పుడల్లా ఆ కుట్లు ఒక్కొక్కటిగా కనిపిస్తూనే ఉన్నాయి.