వల రెండో కొస

నా చిన్నప్పుడు దయ్యాలకంటే ఎక్కువగా నన్ను భయపెట్టింది మా పక్కింటి అక్క. ఆమె ఉండే కొట్టం ముందునుంచి పోవాలంటే కళ్ళు మూసుకుని పరుగు తీసేదాన్ని. ఒకసారి అలా పరుగెత్తి నీళ్ళ బానకు గుద్దుకుని నుదురు పగలగొట్టుకున్నాను. ఆ మచ్చ ఇంకా ఉంది. ఎట్లా అయిందని మనవరాళ్ళు అడిగితే ఏదో ఒక కథ చెప్పి దాటేస్తాను. అసలు సంగతి చెప్పడానికి ఇన్నేళ్ళు పట్టింది.

మాది షామీర్‌పేట చెరువు కట్ట కింద, చేపలు పట్టేవాళ్ళ వాడ. నిజాం రోజులు. యుద్ధం ఎక్కడో జరుగుతుంటే మాకిక్కడ నూలు కరువైంది. కొత్త వల మాట దేవుడెరుగు, ఉన్నవాటినే అతుకు మీద అతుకు వేసుకునేవాళ్ళు. ఏ ఇంటి ముందు చూసినా తంగేడు చెక్క కషాయంలో ముంచి ఆరేసిన వలలే. మగవాళ్ళు తెల్లవారకముందే చెరువులోకి దిగేవాళ్ళు. ఆడవాళ్ళు చేపల గంపలెత్తుకుని తూంకుంట, అలియాబాద్ దాకా తిరిగి అమ్ముకొచ్చేవాళ్ళు. మా అమ్మా పోయేది. నన్ను చూసుకునేది మా అవ్వ, మా నాయిన తల్లి.

పక్కింటి అక్క అలియాబాద్ నుంచి కోడలై వచ్చింది. నోరు మూతపడని మనిషి. నాకు జడ వేస్తూ, కదిలితే ఒక మొట్టికాయ వేసి, ఏడిస్తే తనే నవ్వించేది. ఇద్దరు పిల్లలు ఆమెకు. రెండో కాన్పులో గుర్రపువాతం వచ్చి, ఒళ్ళంతా ఫిట్స్‌తో కొట్టుకుని, పళ్ళు గిట్టకరుచుకుపోయి, ఇక దక్కదని అందరూ ఆశ వదులుకున్నాక బతికింది. ఆ పసివాడు ఇంకా పాకుతుండగానే మళ్ళీ నెల తప్పింది. కాళ్ళు, ముఖం వాచిపోయి కళ్ళు కనిపించకుండా అయితే, బండి కట్టి మేడ్చల్ దిక్కు దవాఖానకు తీసుకుపోయారు. ఈ కడుపు నిలబెడితే తల్లి మిగలదు, తీసేయాల్సిందేనని డాక్టరమ్మ చెప్పిందట. ఆమె పెనిమిటి ఏదీ తేల్చుకోలేకపోయాడట. అక్కే తీసేయమని చెప్పిందట, ఉన్న ఇద్దరికీ తల్లి కావాలి కదా అని. ఇదంతా నాకు పెద్దయ్యాక తెలిసింది. అప్పుడు తెలిసిందల్లా, బండిలో పోయిన అక్క వేరు, బండిలో వచ్చిన అక్క వేరు.

వచ్చినామెను పశువుల కొట్టంలో ఒక పక్కన కూర్చోబెట్టారు. మైల. మా వాళ్ళకు మైల అంటే గుండెల్లో రాయి పడేది. మైలలో ఉన్న ఆడది వల ముట్టుకుంటే చేప పడదని నమ్మకం. వల ఆడకపోతే పొయ్యి మండదు. కాన్పు జరిగితే పురుడు ఎప్పుడు తీరుతుందో అందరికీ తెలుసు. మనిషి పోతే దినాలెప్పుడో తెలుసు. కానీ ఇక్కడ పుట్టిందీ లేదు, పోయిందీ లేదు. మరి ఆ మైల ఎప్పుడు తీరాలి? వాడలో పెద్దలకు తేలలేదు. ఇంకొన్నాళ్ళు చూద్దామన్నారు. ఆ కొన్నాళ్ళయ్యాక మళ్ళీ ఇంకొన్నాళ్ళన్నారు. వాళ్ళు చెడ్డవాళ్ళు కారు, నిజంగానే ఏం చేయాలో తెలియనివాళ్ళు. పిల్లల్ని అత్త తన దగ్గరే ఉంచుకుంది. అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి వచ్చేవాళ్ళు. ఆ అన్నం ఎక్కువగా కోళ్ళే తినేవి.

అక్క నిద్రపోదు, మాట్లాడదు. రెండు చేతులతో చెవులు మూసుకుని కూర్చుంటుంది. కడుపులోంచి తీసేసిన పిండం ఆమె చుట్టూ తిరుగుతోందని, ఆమె కళ్ళలోకి చూస్తే మనకూ అంటుకుంటుందని వాడలో పిల్లలం చెప్పుకునేవాళ్ళం. పెద్దవాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? మంత్రగాణ్ణి పిలిచి వేపమండలతో కొట్టిద్దామని వాళ్ళ ఇంట్లో మాటలు నడుస్తున్నాయి. ఒకరోజు మా అవ్వ అమ్మతో, "అది ఎప్పుడు జూసినా చెరువు దిక్కే సూస్తాంది. నాకు బుగులైతాంది" అనడం విన్నాను. అవ్వకే భయమైతే ఇక నా గతేం కావాలి? ఆ రోజంతా నేను అవ్వ కొంగు వదల్లేదు.

మరునాడు అవ్వ మా చినిగిన వలను భుజాన వేసుకుని, నా చెయ్యి పట్టుకుని, నేరుగా ఆ కొట్టంలోకి నడిచింది. నా కాళ్ళు నేలను రాసుకుంటూ వచ్చాయి. అక్క అత్త పరుగున వచ్చి గడపలో నిలబడింది.

"ఏంది పెద్దమ్మా, గామెతోని వల ముట్టిస్తవా? నీ ఇంట్ల పొయ్యి మండాల్నా వద్దా?"

"వల నాది, పొయ్యి నాది. నీకేందే పరేషాన్?"

అంతే. వలను అక్క ఒళ్ళో పడేసి, నూలు చుట్టిన వెదురు సూది ఆమె చేతిలో పెట్టింది. వల బిర్రుగా లాగి ఉంటేనే ముడి పడుతుంది, అవతలి కొస ఎవరో ఒకరు పట్టుకోవాలని చెప్పి, ఆ కొస నా చేతికిచ్చింది. "ఏమైనా గానీ ఇడ్వకు. వానొచ్చినా ఇడ్వకు, దయ్యమొచ్చినా ఇడ్వకు" అంది. దయ్యం మాట అవ్వ నోటే వచ్చేసరికి కొసను రెండు చేతులా బిగించి పట్టుకున్నాను.

అలా రోజూ పొద్దెక్కాక మేం ముగ్గురం. మొదట్లో వల ఆమె ఒళ్ళో ఊరికే పడి ఉండేది. నేను ఆమె కాళ్ళనే చూస్తూ కూర్చునేదాన్ని, కళ్ళు చూడకుండా. తర్వాత ఎప్పుడో వేళ్ళు కదిలాయి. ఒక ముడి, మళ్ళీ చాలాసేపు ఏమీ లేదు, మళ్ళీ ఒక ముడి. అవ్వ ఆమెను ఏమీ అడిగేది కాదు. చేపల ధర గురించి, మా నాయిన చిన్నప్పుడు చేసిన అల్లరి గురించి తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు చెబుతూ ఉండేది.

ఒక మధ్యాహ్నం అక్కకు తాగడానికి జొన్న గటక తెస్తానని అవ్వ ఇంటికి పోయింది. అవ్వ అటు పోగానే అక్క లేచింది. వల కళ్ళు ఆమె గాజులకు చిక్కుకుని ఉన్నాయి, ఆమె వాటిని చూసుకోను కూడా లేదు. కొట్టం దాటి, కట్ట ఎక్కి, అవతలి పక్క నీళ్ళ వైపు దిగడం మొదలుపెట్టింది. అవతలి కొస నా చేతిలో ఉంది. విడిచిపెట్టి పారిపోదామని ప్రాణమంతా కొట్టుకుంటోంది. కానీ అవ్వ ఇడ్వకు అంది. రాళ్ళ మీద పడుతూ లేస్తూ, మోకాళ్ళు చెక్కుకుపోయి, వల లాగినట్టల్లా వెనకే పోయాను. అరుద్దామంటే గొంతు రాలేదు. గట్టు మీద ఒక్క మనిషి లేడు.

నీళ్ళు ఆమె మోకాళ్ళ దాకా వచ్చేసరికి నా నడుము దాకా వచ్చాయి. కాలి కింద బురద జారింది. అప్పుడు వచ్చింది నా గొంతు.

"అక్కా, నాకు ఈత రాదు!"

ఆమె ఆగింది. వెనక్కి తిరిగి, నన్ను అప్పుడే చూసినట్టు చూసింది. "ఇడువు పిల్లా. ఇడిసి ఇంటికి పో."

"అవ్వ ఇడ్వొద్దన్నది."

గట్టిగా ఏడ్చేశాను. ఏడుస్తూనే, చూడకూడని ఆ కళ్ళలోకి చూశాను. దయ్యమేమీ లేదు. నాకు జడ వేసిన అక్కే, నాకంటే ఎక్కువగా భయపడిపోయి ఉంది. ఆమె చెవుల మీదికి చేతులు పోయాయి. "నా కడుపుల బిడ్డ మళ్ళ ఏడుస్తాందే... వినొస్తలేదా నీకు?" అంది.

"ఏడుస్తున్నది నేనే అక్కా. ఇంకెవలు లేరు."

పిల్లదాన్ని, తెలిసింది అన్నాను. ఆమె చేతులు మెల్లగా కిందికి దిగాయి. నన్ను చంకనెత్తుకుని ఒడ్డుకు తెచ్చి, బురదలోనే కూలబడింది. అప్పుడు ఏడ్చింది. బండి దిగినప్పటి నుంచి ఏడవని ఏడుపంతా ఏడ్చింది. నేనే సంపుకున్న గదనే అని మళ్ళీ మళ్ళీ అంది. అవ్వ రొప్పుతూ వచ్చి చూసింది. తిట్టలేదు. ఆమెకు రెండో పక్కన బురదలోనే చతికిలబడి వీపు మీద చెయ్యి వేసింది.

"ఇద్దరు పిల్లలకు తల్లిని మిగిలిచ్చినవ్ బిడ్డా. ఏడువు. మస్తుగ ఏడువు. ఒక్కదానివే కూసొని మాత్రం ఏడ్వకు."

ఆ సాయంత్రమే అవ్వ ఆమెకు వేడినీళ్ళు పోసి, తల దువ్వి, ఇంట్లోకి తీసుకుపోయి పసివాణ్ణి ఒళ్ళో పెట్టింది. మైల తీరిందని తనే చెప్పింది. ఆమె అతికిన వలనే మా నాయిన మరునాడు చెరువులో వేశాడు. చేపలు ఎప్పటిలాగే పడ్డాయి, ఎక్కువా లేదు తక్కువా లేదు. అక్క ఒక్కరోజులో బాగైపోయిందని చెప్పను. చాన్నాళ్ళు ఉన్నట్టుండి మాట ఆగిపోయేది. అలాంటి రోజున అవ్వ మళ్ళీ వల భుజాన వేసుకునేది.

నేను కొంచెం పెద్దయ్యి వల అతకడం నేర్చుకునేటప్పుడు గమనించాను, వాడలో అందరూ అవతలి కొసను గుంజకు కట్టేసి పని చేసుకుంటున్నారు. మనిషి పట్టుకోవాల్సిన పనే లేదు. అవ్వ దగ్గరికి పోయి, మరి నన్నెందుకు పట్టుకోమన్నావని అడిగాను. అవ్వ సూది ఆపకుండానే, "గుంజ ఏడుస్తదా బిడ్డా?" అంది.

మొన్నామధ్య మా మనవరాలు ఆస్పత్రి నుంచి వచ్చింది. కడుపులో బిడ్డకు తల సరిగా ఏర్పడలేదని, నిలబెట్టి లాభం లేదని తీసేశారు. గోడవైపు తిరిగి పడుకుని, పలకరిస్తే బాగానే ఉన్నానంటోంది. నాకు ఆ కొట్టం గుర్తొచ్చింది. దండెం మీది చీర తీసుకుని ఆమె గదిలోకి పోయి, ఒక్కదాన్నే మడత పెట్టలేకపోతున్నాను, కాస్త ఆ కొస పట్టుకోమన్నాను. మంచం మీద పరుచుకుని ఒక్కదాన్నే మడత పెట్టుకోవడం నాకు ఏనాటినుంచో అలవాటు. అది ఆమెకు తెలుసో లేదో, లేచి వచ్చి పట్టుకుంది. చీర సగం మడతలో ఉండగానే ఏడుపు మొదలైంది. మడత చెడితే చెడనీ అనుకున్నాను గానీ, నా కొస మాత్రం నేను విడవలేదు.