సగంల ఆగిన కట్ట

గిట్ల దగ్గరికొచ్చి కూసోండ్రి, మా తోడికోడలు ముచ్చట చెప్త. కోరుట్లల బీడీలు చేసేది. ఎవలేమన్నా తలెత్తకుండ, “గీ కట్ట అయినంక” అనేది. ఆ కట్ట అయ్యేటాలకు ఇంకోటి మొదలువెట్టేది.

రొమ్ముల గడ్డ తాకుతుందంటె జగిత్యాల తీస్కపోయిన. రొమ్ముకు ఎక్స్‌రే ఫోటో తీసిండ్రు, అండ్ల ఏం కనవడలే. డాక్టరమ్మ, “నీ రొమ్ము దట్టంగున్నది, గందుకే ఫోటోల అంతా తెల్లగ వచ్చింది. గడ్డ గూడ తెల్లగనే వస్తది. స్కానింగ్ చేస్తెనే తెలుస్తది” అన్నది.

ఇంటికొస్తె మా అత్త, “ఫోటోల లేంది ఇంకెక్కడుంటది?” అన్నది. దుబాయిల ఉన్న ఆమె పెనిమిటి, మా మరిది, ఫోన్ల, “నేనొచ్చినంక చూద్దాం” అన్నడు. ఆమె మల్ల బీడీలకు కూసున్నది. ఒళ్లె చాట, చాట నిండ తునికాకు. లేద్దామంటె సందు లేదు.

తెల్లారి, “స్కానింగ్‌కు పోదామా చెల్లె?” అన్న.

“గీ కట్ట అయినంక.”

పక్కన కూసున్న. ఆమె కండ్లల్ల నీళ్లు తిరుగుతున్నయ్, వేళ్లు మాత్రం చుడుతనే ఉన్నయ్. జరసేపటికి చాట కింద వెట్టి లేసింది.

“ఏందే, తడిపిన ఆకు ఎండిపోదా?” అన్నది అత్త.

“ఎండనీ అత్తమ్మ.”

కట్ట సగంలనే ఉన్నది.

ఆకులు ఎండితె ఎండనీయుండ్రి, మీ ఇంట్ల ఆడోళ్లు పచ్చగుండాలె.